బండి లేకపోయినా భీమిలి దాకా

రుషికొండలో చదువుకి చేరగానే సీనియర్లందరిదీ ఒకటే మాట: "ఇక్కడ బండి లేకపోతే కష్టంరా."

కష్టమే. కానీ ఊరు తెలియాలంటే 900కె ఎక్కాలి. విశాఖ రైల్వే స్టేషన్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్లే సిటీ బస్సు. భీమిలి వైపు వెళ్లేటప్పుడు కుడి పక్క కిటికీ పట్టుకోండి, సముద్రం అటే. తొట్లకొండ దగ్గర దిగి నడిచి ఎక్కితే రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం. ఇంకా ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు, చివర్లో భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, గోస్తని సముద్రంలో కలిసే చోటు.

బండి మీదైతే నేరుగా బీచ్‌కి పోయి సెల్ఫీ దిగి వచ్చేస్తాం. బస్సులో అయితే చేపల బుట్టలతో ఎక్కే అమ్మలు ఈ రోజు ఏ చేప పడిందో, ధర ఎంతుందో కూడా చెప్తారు.

2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం వచ్చాక మా క్లాసు అమ్మాయిలు ఆధార్ చూపించి దర్జాగా జీరో టికెట్టు తీసుకుంటున్నారు. చిల్లర వెతుక్కునేది మేమే.

ఈ ఆదివారం పొద్దున్నే తొట్లకొండ. ఎవరొస్తారు? మంచినీళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి!