జాలికి లెక్క తోడైతే

సోషల్ వర్క్ చదివేవారికి మంచి మనసు చాలదా, పరిశోధన ఎందుకు అన్న సందేహం పాతదే. అమెరికాలో గుర్తింపు ఉన్న బీఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ డిగ్రీ) పట్టాకు కనీసం 400 గంటల క్షేత్రశిక్షణ తప్పనిసరి. ప్రతిభావంతుల కోసం విశ్వవిద్యాలయాల్లో ఉండే ఆనర్స్ కాలేజీలో చేరితే సాధారణంగా సొంతంగా ఒక పరిశోధన ప్రాజెక్టు కూడా చేయాలి. పైకి అదనపు బరువే గానీ, విద్యార్థి ఎదుగుదల మలుపు తిరిగేది అక్కడే అనిపిస్తుంది. క్షేత్రంలో ఒక మనిషి కష్టం కళ్లబడుతుంది. అదే కష్టం ఆ వీధిలో పదిళ్లలో ఎందుకుందో తెలియాలంటే నలుగురినీ అడగాలి, లెక్క తీయాలి, తన ఊహ తప్పని తేలితే ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలే వృత్తికి తొలి పాఠం.

ఈ వృత్తి చరిత్రే అందుకు సాక్ష్యం. 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ తెరిచిన హల్ హౌస్ అనే సేవాకేంద్రం ఇరుగుపొరుగుకు సాయం చేసి ఊరుకోలేదు. అక్కడ నివసించిన ఫ్లోరెన్స్ కెల్లీ ఇళ్లలో నడిచే కుట్టుపనిపై చేసిన పరిశీలన 1893 నాటి ఇల్లినాయ్ ఫ్యాక్టరీ చట్టానికి దారి వేసింది. ఇంటింటా సేకరించిన వివరాలతో కుటుంబాల స్వదేశాలూ, వారపు రాబడులూ రంగుల పటాలకెక్కి 1895లో అచ్చయ్యాయి.

పేదల బతుకును మార్కులకు ముడిసరుకు చేస్తారా అన్న అభ్యంతరం న్యాయమైనదే. తేలిన విషయాన్ని ముందుగా ఆ వీధివాళ్లకే చెప్పాలన్న నియమం దానికి విరుగుడు. ఉద్యోగం చేస్తూ చదువుకునేవారికి తీరికెక్కడిది అంటారా? ప్రాజెక్టును క్షేత్రశిక్షణతో కలిపేయవచ్చు. అసలు ప్రశ్నించడమనేది కొద్దిమంది ఆనర్స్ విద్యార్థుల సొత్తు కాకూడదు.