గట్టు అవతలి పొలం

పొద్దున నడకకు నేనెవరినీ తోడు పిలవను. తోడుంటే మాటలు రొయ్య రేటు మీదికే పోతాయి. వంద కౌంటు ఎంత పలికింది, ముప్పై కౌంటు ఎంత, మేత ధర మళ్లీ పెరిగిందట గదా. భీమవరం చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఇప్పుడు ఇదే పలకరింపు. ఉండి కాలువ గట్టు మీద ఒక్కణ్ణే నడిస్తే మాత్రం పాత సంగతులు ఒక్కొక్కటే కదులుతాయి. వాటిలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. పట్నంలో కూర్చుని ఊళ్లో పొలం సంగతి ఫోన్లో తేల్చేసే నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అది చెబుతున్నాను.

నా చిన్నప్పుడు ఈ గట్టెక్కి చూస్తే కనుచూపు మేరా వరే. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి నీళ్లు కాలువల్లో పడి, ఈ నేల సార్వా, దాళ్వా అంటూ రెండు పంటలకు అలవాటుపడింది. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ రకం వచ్చాక సార్వా అంటే మాకు స్వర్ణే. నాన్న తెల్లారకుండానే పార భుజాన వేసుకుని ఈ గట్టు మీదే వెళ్లేవారు.

ఇక్కడ ప్రతి పొలానికీ విడిగా బోదె ఉండదు. పై మడి నిండితే నీళ్లు కింది మడికి, అక్కణ్ణించి ఇంకా కిందికి పోతాయి. పక్క పొలం బాబాయికి నీళ్లు మా మడిలోంచే పారాలి. ఆయన మురుగు ఆ కింది వాళ్ల పొలం మీదుగా డ్రెయిన్‌లో పడాలి. ఈ ఏర్పాటు ఏ దస్తావేజులోనూ ఉండదు. గట్టుకు గండి పెట్టాలన్నా, గండి కట్టేయాలన్నా నాన్న ముందు బాబాయిని కేకేసి చెప్పేవారు. మన పొలంలో మనం చేసుకునేదానికి ఆయన్ని అడగడమేమిటని నాకు చిరాగ్గా ఉండేది.

నాన్న పోయాక పొలం నా పేరు మీదికొచ్చింది. నేను హైదరాబాదులో ఉద్యోగం. కౌలుకు చేసే అతను పండితే బస్తాలు లెక్కపెట్టి ఇచ్చేవాడు, తుపాను వస్తే తల గోక్కునేవాడు. 2009లో కేంద్రం వనామీ రొయ్య సాగుకు అనుమతి ఇచ్చింది. ఆ తర్వాత నాలుగైదేళ్లకు మా ఊరి పొలాల మీదికి కూడా చెరువులవాళ్లు వచ్చారు. వరి మీద నాకొచ్చే కౌలుకు మూడింతలు, అదీ ముందే, నగదుగా ఇస్తామన్నారు.

తెలియక ఒప్పుకున్నానని చెప్పుకోవడానికి లేదు. టైగర్ రొయ్య రోజుల్లో, 1994లో, తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకు చెరువులు తుడిచిపెట్టుకుపోవడం చూశాను. మా బంధువుల నగలే తాకట్టులోంచి బయటికి రాలేదు. పంట భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఆఫీసు క్యాంటీన్‌లో ఆ తీర్పును గట్టిగా సమర్థించినవాణ్ణి కూడా నేనే. అప్పుడు ఆ పొలాలు నావి కావు.

స్టాంపు కాగితాలు కొరియర్‌లో వచ్చాయి. ఆ వారంలోనే బాబాయి ఫోన్ చేశాడు.

"అబ్బాయ్, ఓసారి వచ్చి చూసి వెళ్లరా. ఆనక పెడుదువుగాని సంతకం."

"లీవు దొరకట్లేదు బాబాయ్. అయినా చెరువు తవ్వేది మన గట్టు లోపలే గదా."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత పిల్లల చదువులు అడిగి పెట్టేశాడు.

ఉప్పు గట్టు లోపల ఉండదన్న సంగతి డెల్టాలో పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. సముద్రపు నీటిలో లీటరుకు ముప్పై అయిదు గ్రాముల దాకా ఉప్పుంటుంది. వనామీకి అంత అక్కర్లేదు, లీటరుకు అయిదు గ్రాములున్నా పెరుగుతుంది. అందుకే సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో కూడా బోరు వేసి, లోతున ఉన్న ఉప్పునీళ్లు తోడి చెరువు నింపుతారు. కింద ఉండాల్సిన ఉప్పును మనమే పైకి తెచ్చి నెలల తరబడి నిలబెడతాం. అది ఊటగా గట్టు కిందనుంచి పక్క మడిలోకి దిగుతుంది. వరి సుకుమారమైన పంట. నేల పరీక్షలో ఉప్పును చూపే ఈసీ మూడు దాటితే దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. నాట్లు వేసిన కొత్తలోనూ, పూత మీదా ఇంకా తట్టుకోలేదు.

చెరువు తవ్వాక వచ్చిన సంక్రాంతికి ఊరెళ్లాను. దాళ్వా నాట్లు వేసి ఎన్నో రోజులు కాలేదు. బాబాయి మడిలో మా గట్టు వైపు మొక్కలు కొసలు ఎండి, అక్కడక్కడా చచ్చి ఉన్నాయి. గట్టు వార తెల్లగా ఉప్పు తేలింది. ఆయన ఊట గురించి ఒక్క మాట అనలేదు.

"నీళ్లు ఎటునుంచి తెచ్చుకోమంటావ్‌రా?" అని మాత్రం అడిగాడు.

అప్పటిదాకా నాకది తట్టనే లేదు. మా పొలం చెరువైతే ఆయనకు కాలువ నీళ్లు వచ్చే దారి మూసుకుపోయింది. మంచినీళ్లు నిండుగా పెట్టుకుంటే మడిలో ఉప్పు కొంతైనా కడుక్కుపోయేది. ఊట మా చెరువు పంపింది, దాన్ని కడిగే నీళ్లూ మా చెరువే ఆపింది.

అప్పుడు నేను చేసింది ఇంకో తప్పు. ఆయన కొడుకుల ముందే, "నష్టం ఎంతో లెక్క కట్టి చెప్పు బాబాయ్, ఇచ్చేస్తా" అన్నాను. "డబ్బులకేం లేరా" అని కండువా దులుపుకుని లేచిపోయాడు. ఆ పూట వాళ్లింట్లో భోజనానికి నన్ను పిలవలేదు. అలా జరగడం అదే మొదలు.

ఏడాది తిరక్కుండా ఆయన కూడా పొలం చెరువుకిచ్చేశాడు. ఆ కబురు విన్నప్పుడు నాకు బాధ కలగలేదు, హమ్మయ్య అనిపించింది. ఆయనకూ కౌలు బాగానే వస్తుంది, లెక్క సరిపోయింది అనుకున్నాను. సంతకం కంటే ఈ హమ్మయ్యే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఇష్టపడి చెరువుకివ్వడం వేరు, వరి వేయడానికి వీల్లేక ఇవ్వడం వేరు. ఆయన్ని రెండోదానికి నెట్టింది నేను. ఆయన చెరువు ఊట ఆ కింది పొలంలోకి దిగింది. వాళ్లూ ఇచ్చేశారు. మా పొలం చేసిన కౌలు రైతు తాపీ పనికి వెళ్తున్నాడని తర్వాత తెలిసింది. ఊడ్పులకూ, కలుపులకూ వచ్చే ఆడవాళ్ల సంగతి ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు. చెరువుకు కాపలా మనిషి ఒకడుంటాడు, పట్టుబడి రోజున ఒక ముఠా వస్తుంది. అంతే పని.

రొయ్య వల్ల బాగుపడ్డవాళ్లు లేరని నేననను. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. మా ఊళ్లో పిల్లలు ఇంజినీరింగ్ చదివింది చాలావరకు ఆ డబ్బుతోనే. ఉప్పునేలలో చట్టప్రకారం, మురుగుకు దారి చూసుకుని చేసుకుంటే దాన్ని తప్పుపట్టలేం. నా తప్పు నలుగురిదైన నీళ్లదారిని ఒక్కడినే అమ్ముకోవడం.

రిటైరై ఊరొచ్చాక గడువు తీరిన కౌలు పొడిగించకుండా, మళ్లీ వరి వేద్దామని చూశాను. పైమట్టి చెరువు గట్లకే పోయింది. జీలుగ చల్లి కలియదున్నించాను, కాలువ నీళ్లు పెట్టి కడిగించాను. మూడు వైపులా చెరువులుంటే కడిగిన ఉప్పు కడిగినట్టే తిరిగొచ్చింది. ఇప్పుడు మా పొలం మళ్లీ చెరువే. కౌలు ఇప్పటికీ తీసుకుంటున్నాను. బాబాయి పోయాడు. ఆయన బతికుండగా క్షమించమని అడగలేదు. డబ్బు మాట ఎత్తగలిగిన నోటికి ఆ మాట రాలేదు.

ఈమధ్య డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు, "మామయ్యా, పొలం చెరువుకిద్దామనుకుంటున్నా, నువ్వు సంతకాల పని చూడు" అని ఫోన్ చేశాడు. చూడనన్నాను. సెలవులకు వచ్చినప్పుడు పొలానికి తీసుకెళ్లి మూడు ప్రశ్నలకు జవాబు కనుక్కోమన్నాను. నీ మడిలోంచి ఎవరికి నీళ్లు పారుతున్నాయి? నీ మురుగు ఎవరి మీదుగా పోతుంది? ఈ పొలం మీద కూలి చేసుకుని బతికేవాళ్లెవరు? వెళ్లి వాళ్ల ఇళ్ల అరుగుల మీద కూర్చుని అడగమన్నాను.

వాడు విసుక్కున్నాడు, కానీ వెళ్లాడు. పొలమైతే చెరువుకే ఇచ్చాడు. కాకపోతే పక్క రైతు వైపు ఒక బారు నేల వదిలి, ఊట నీళ్లు డ్రెయిన్‌లోకి పోయేలా లోతుగా బోదె తవ్వించాడు, కాలువ నీళ్లు పారడానికి తూము పెట్టించాడు. కౌలులో కొంత తగ్గింది. ఆ పక్క రైతు ఈ ఏడు కూడా దాళ్వా వేశాడు.