వంశవృక్షం చెప్పే ఆరోగ్య రహస్యం

"డాక్టరు గారూ, డి.ఎన్.ఎ. పరీక్షతో మా వంశమూలం తెలుస్తుందా?" అని ఈ మధ్య పలువురు అడుగుతున్నారు. కొంతవరకే తెలుస్తుంది. వై క్రోమోజోము తండ్రి నుండి కొడుకుకు, మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. తల్లి నుండి బిడ్డలకు సంక్రమిస్తాయి. ఇవి చూపేది చెరొక దారినే. పదో తరంలో మన పూర్వీకుల స్థానాలు 1,024!

హైదరాబాదులోని సి.సి.ఎం.బి., అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 25 భారతీయ సమూహాలను పరిశీలించి, దాదాపు అందరమూ రెండు ప్రాచీన జనసమూహాల కలయికేనని 2009లో వెల్లడించారు. కనుక వంశగర్వానికి ఇందులో తావు లేదు.

అయితే వంశ చరిత్ర ఆరోగ్యానికి పనికివస్తుంది. తరతరాలుగా ఒకే సమూహంలో వివాహాలు జరిగితే, ఒక పూర్వీకుని జన్యులోపం ఎందరికో చేరుతుంది. ఆర్యవైశ్యులలో కొందరికి రక్తంలో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపిస్తుంది. శస్త్రచికిత్స వేళ కండరాలు సడలడానికి ఇచ్చే స్కోలిన్ ప్రభావం మామూలుగా కొద్ది నిమిషాలే. వీరిలో గంటల తరబడి సొంతంగా ఊపిరి అందదు; అంతవరకు కృత్రిమ శ్వాస ఇవ్వవలసిందే. నా ఉద్యోగ కాలంలో మత్తు వైద్యులు ఈ సంగతి ముందే విచారించేవారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషను తరువాత ఊపిరి తిరిగి రావడం ఆలస్యమైందేమో పెద్దలను అడగండి. అయివుంటే మీ మత్తు వైద్యునికి తప్పక చెప్పండి. ఈ లోపాన్ని ఒక రక్తపరీక్షతో గుర్తించవచ్చు. తాతముత్తాతల ఊరు తెలియకపోయినా నష్టం లేదు. ఇది తెలియకపోతే ప్రాణాపాయం.