గుండ్లకమ్మ మడుగులో గాలం

శరదృతువు వచ్చిందంటే చల్లని దేశాల్లో గాలపు సరదా ఉన్నవారికి కాలు ఇంట్లో నిలవదు. సన్నని కర్రా తాడూ పట్టుకొని కొండ సరస్సులకు బయలుదేరుతారు. వారు కోరేది ట్రౌట్ చేపను. గాలానికి ఈకలూ దారాలూ చుట్టి, అచ్చం ఈగలా తయారుచేసి నీటిమీద ఆడిస్తారు. నిజమైన ఈగే అనుకొని చేప ఎగిరి అందుకుంటుంది.

ఈ చేపను ఆంగ్లేయులు మన నీలగిరులకూ తెచ్చారు. 1907లో అవలాంచీ దగ్గర దాని గుడ్లు పొదిగించే కేంద్రం వెలిసింది. కాని నీరు 20 డిగ్రీలు దాటి వేడెక్కిందంటే ట్రౌట్‌కు గడ్డుకాలమే. వేసవిలో 40 డిగ్రీలు దాటే పల్నాటికి అదెక్కడ వస్తుంది?

"రాకపోతేనేం, మనకు కొరమీను లేదూ?" అంటారు నూజెండ్లలో ఉన్న మా బావగారు. "కార్తీకం వస్తే మీ చెల్లెలు ఇంట్లో నీసు వండనివ్వదు. ఈలోగానే రండి" అని కబురు చేస్తే, దసరా వెళ్ళిన నాలుగోనాడు వినుకొండలో రైలు దిగి బస్సెక్కాను.

నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, ఈ మెట్టసీమ మీదుగా సముద్రానికి సాగిపోయే నది గుండ్లకమ్మ. వానల్లో ఒడ్లొరసి పారుతుంది. వానలు వెనకపట్టాక ఇసుకతిన్నెల నడుమ మడుగులు కడుతుంది. తుంగ పెరిగిన మడుగే కొరమీనుకు కాపురం. దానికి మొప్పలు ఒక్కటే చాలవు. పైకి వచ్చి గాలి మింగాలి. అందుకే నీరింకి బురద మిగిలినా బతుకుతుంది, సంతకు ప్రాణాలతో వస్తుంది. గాలికోసం వచ్చినప్పుడు లేచే బుడగే వేటగానికి ఆనవాలు.

బావగారికి గాలం పట్టడం నేర్పిన తాత కూడా మాతో వచ్చాడు. వెదురు గెడ, గట్టి తాడు, ఎరకు చిన్న కప్ప. తుంగ అంచున ఆ కప్పను నీటిమీద గంతులు వేయిస్తుంటే, దొరల ఈగకూ దీనికీ చుట్టరికం ఉన్నట్టే తోచింది నాకు.

ఇంతలో పన్నెండేళ్ళ మా మేనల్లుడు కేకవేశాడు. "తాతా, అదిగో!"

నీటిమీద చాటంత మేర ఎర్రగా ఏదో కదులుతోంది. చూద్దుము కదా, వందలకొద్దీ చేపపిల్లలు!

"వాటికిందే తల్లి ఉంటుంది. కప్పను అక్కడ వెయ్యి తాతా, ఒక్క విసురుకే పడుతుంది!"

కుర్రవాడు చెప్పింది నిజమే. కొరమీనులు తుంగలో చోటు చేసుకొని గుడ్లకు కాపలా కాస్తాయి. పిల్లలు పైకి వచ్చాక వాటి అడుగునే తిరుగుతూ, దగ్గరకు వచ్చినదాన్నల్లా కరుస్తాయి. అది ఆకలి కాదు, కడుపుతీపి. గంటలకొద్దీ ఊరించే చేప ఆ వేళ చులకనగా దొరికిపోతుంది.

తాత గెడ పైకెత్తేశాడు. "పిల్లల తల్లిని పట్టేది వేట కాదయ్యా. దాన్ని లాగితే, పొద్దుగూకేలోగా ఈ పిల్లల్ని తక్కిన చేపలూ కొంగలూ మింగుతై. వచ్చే ఏడు నువ్వు దేనికి గాలం వేస్తావు? వానాకాలం వీటి పురుళ్ళ కాలం. ఇవి కాస్త ఆలస్యంగా పుట్టినై. పద, ఇంకో మడుగు చూద్దాం."

పిల్లవాడి ముఖం చిన్నబోయింది. ఎండలో మరో మడుగుకు నడిచాం. మధ్యాహ్నందాకా కూర్చుంటే దొరికింది ఒక్కటే. ఇంట్లో తినేవారు ఏడుగురు! మా చెల్లెలు ఏమంటుందోనని బావగారికి దిగులు.

బ్రిటన్‌లో ట్రౌట్ గుడ్లుపెట్టే కాలం రాగానే నదులలో దాని వేటను చట్టమే ఆపుతుంది. ఈ మడుగు దగ్గర ఆ చట్టం ఒక ముసలాయన నోటిమాట. ఆయన తరువాత ఆ మాట ఎవరు చెబుతారా అని ఆలోచిస్తూ నడుస్తున్నాను.

"తాతా, ఆ పిల్లలు గాలానికి వచ్చేంత కావాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడుగుతున్నాడు మేనల్లుడు.

"వచ్చే దసరాకు నువ్వే వచ్చి చూసుకో" అన్నాడు తాత, గెడను వాడి భుజానికెత్తుతూ.