డబ్బా వెనక్కి తిప్పి చూడండి

నేను డాలస్‌లో నర్సుని కాబట్టి మన గ్రూపులో ఎవరు ఏ క్రీము కొన్నా ఫొటో తీసి నాకు పంపుతారు. "అక్కా, ఇది మంచిదేనా?" అని. వచ్చే ఫొటోలన్నీ డబ్బా ముందు వైపువే. నాకు కావలసింది వెనక వైపు. ఎందుకో చెప్తాను.

ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉండే మాటల్లో చాలావాటికి అమెరికా చట్టంలో అర్థమే లేదండీ. "హైపోఅలర్జెనిక్" తీసుకోండి. చదవగానే ఎలర్జీ రాదులే అని ధైర్యం వస్తుంది. 1975లో ఎఫ్‌డీఏ ఈ మాట వాడాలంటే పరీక్షలు చేసి చూపించాలని నిబంధన పెట్టింది. ఆల్మే, క్లినీక్ కంపెనీలు కోర్టుకెళ్ళాయి. 1977లో అప్పీల్ కోర్టు ఆ నిబంధన చెల్లదని కొట్టేసింది. ఇప్పటికీ ఆ మాటకి ఏ కంపెనీ చెప్పుకునే అర్థం ఆ కంపెనీదే.

"డెర్మటాలజిస్ట్ టెస్టెడ్" కూడా అంతే. ఎంతమంది మీద పరీక్షించారు, ఎన్నాళ్ళు చూశారు, చివరికి ఏం తేలింది, ఒక్కటీ చెప్పదు. పరీక్ష రాశానన్నాడు గానీ పాసయ్యానని అనలేదు కదా!

ఇక "నేచురల్". పోయిన చలికాలం మా అమ్మ వచ్చింది. ఇక్కడి హీటర్ గాలికి చేతులు, కాళ్ళు పొట్టు లేచిపోయాయి. తెలిసినవాళ్ళు ప్రేమగా ఒక లోషన్ ఇచ్చారు. డబ్బా నిండా ఆకులు, పువ్వుల బొమ్మలు, మల్లెపూల వాసన. అమ్మకి తెగ నచ్చింది. నాలుగు రోజులకి మోచేతుల దాకా దద్దుర్లు.

"ఆకులు, పువ్వులే కదే, ఇవేటి చేస్తాయి?" అంది.

"జీడిపిక్క కూడా చెట్టుకే కాస్తుంది కదమ్మా" అన్నాను. మాది పలాస పక్క ఊరు. జీడి సొన తగిలిన చేతులు ఎలా ఉంటాయో అమ్మకి వేరే చెప్పక్కర్లేదు. ఆ లోషన్ మళ్ళీ ముట్టుకోలేదు.

వెనక్కి తిప్పి చూస్తే లిస్టులో "ఫ్రాగ్రెన్స్" అని ఒక్క మాట ఉంది. ఆ ఒక్క మాట చాటున ఎన్ని రకాల పరిమళాలు కలిపినా విడివిడిగా రాయక్కర్లేదు. చర్మానికి పడని వాటిలో ఈ పరిమళాలు ముందు వరుసలో ఉంటాయి. పోనీ వాసన లేనిది కొందామంటే అక్కడా మెలికే. "అన్‌సెంటెడ్" అని ఉన్నా, సరుకు అసలు వాసన తెలియకుండా కప్పడానికి కొంత పరిమళం కలిపి ఉండొచ్చు. "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అన్నది వెతకండి, లిస్టు కూడా ఒకసారి చదవండి. అమ్మకి డాక్టరు ఇచ్చిన మందుతో దద్దుర్లు తగ్గాయి. తర్వాత స్నానం చేసి, తడి పూర్తిగా ఆరకముందే సాదా పెట్రోలియం జెల్లీ రాసుకునేది. చలికాలమంతా దాంతోనే గడిచిపోయింది.

లిస్టు చదవడం పెద్ద విద్యేం కాదు. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాస్తారు. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని మాత్రం చివర్లో ఏ వరసలోనైనా రాయొచ్చు. ముందు కుంకుమపువ్వు బొమ్మ ఇంత పెద్దగా వేసి, వెనక లిస్టులో దాని పేరు ఎక్కడో అడుగున ఉందంటే సంగతి మీకే అర్థమవుతుంది.

ఇంతవరకు చెప్పినవాటితో పోయేది డబ్బు, వచ్చేది దురద. నా అసలు భయం వెనక వైపు ఏమీ రాయని డబ్బాల గురించి.

మా అపార్ట్‌మెంట్స్‌లో ఒకమ్మాయికి ఐదో నెల. ఒకరోజు తను వాడే క్రీము చూపించింది. తెల్లటి చిన్న డబ్బా, మీద "హెర్బల్ గ్లో" అని స్టిక్కర్. లిస్టు లేదు, కంపెనీ చిరునామా లేదు. ఎవరో ఆన్‌లైన్‌లో అమ్మితే కొందట. "వీడియో కాల్‌లో అందరూ నల్లబడ్డావంటున్నారక్కా" అంది.

ఇలాంటి పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం దొరుకుతోందని ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు హెచ్చరించింది. అది కిడ్నీలను, నరాలను దెబ్బతీస్తుంది. కడుపులో బిడ్డ మెదడుకీ ముప్పే. రాసుకున్నవాళ్ళకే కాదు, ఆవిరి పీల్చినా, తువ్వాలు తగిలినా ఇంట్లో పిల్లలకీ చేరుతుంది. లిస్టు ఉన్న డబ్బా అయితే "మెర్క్యురీ", "మెర్క్యురస్ క్లోరైడ్", "క్యాలొమెల్" అన్న పేర్లు కనబడితే వాడకండి. లిస్టే లేకపోతే అసలు కొనకండి.

ఆ డబ్బాని ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి, మర్నాడే డాక్టరుకి చూపించమన్నాను. ఆవిడ పాదరసం పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఆ పిల్లకి నిద్ర లేదు. దేవుడి దయవల్ల అంతా మామూలుగానే ఉంది. వాడడం మొదలుపెట్టి పది రోజులేనట.

2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. మార్కెట్లో "ఫెయిర్‌నెస్" అన్న మాట తగ్గి "గ్లో", "బ్రైటెనింగ్" అన్న మాటలు పెరిగాయి. మాటలైతే మారాయి, మన ఇళ్ళల్లో తెలుపు మీద మోజు మారలేదు. ఆ మోజు ఉన్నన్నాళ్ళూ స్టిక్కర్ అంటించి అమ్మేవాళ్ళు ఉంటారు.

అందుకని ఇండియాలో ఇది చదువుతున్న అమ్మలకి, అత్తలకి, పిన్నులకి ఒక్క మాట. పిల్లలు ఫోన్లో కనబడగానే "నల్లబడ్డావేంటే" అనకండి. "తిన్నావా" అని అడగండి. చాలు.