లష్కరు మనవడు

నా సైకిలు టైరులో దిగింది పల్లేరు కాయ. పీకి అరచేతిలో పెట్టుకుని చూశాను. అనుమానం లేదు, చిన్నప్పుడు మా ఊళ్లో చెప్పుల్లేకుండా తిరిగితే కాల్లో దిగే కాయే. హంగరీలో, తిస్సా నది గట్టు మీద మళ్లీ కనిపించింది. “కిరాయ్‌దిన్యె” అన్నాడు నా మిత్రుడు. రాజుగారి పుచ్చకాయ అని అర్థమట. అంత గట్టి ముల్లుకి అంత తియ్యటి పేరు ఎందుకు పెట్టారో అతనికీ తెలియదు.

2022 సెప్టెంబరు. తేదీ గుర్తు లేదు. ద్రాక్ష కోతలు మొదలయ్యాయి కాబట్టి నెల సగం గడిచే ఉండాలి. అప్పట్లో నేను దెబ్రెత్సెన్‌లో నేలల మీద పరిశోధన చేస్తుండేవాణ్ణి. అతనిది ల్యాబులో నా పక్క బల్ల. ఆ ఏడు మార్చిలో యుక్రెయిన్ సరిహద్దు నుంచి వచ్చే రైళ్లలో యుద్ధం తప్పించుకుని మన పిల్లలు వస్తున్నారని తెలిసి, స్టేషనుకి రొట్టెలు, నీళ్ల సీసాలు మోసుకెళ్లాం ఇద్దరం. ఒకమ్మాయి కిటికీలోంచి తొంగి చూసి తెలుగులో “ఇక్కడే దిగాలా అన్నా?” అని అడిగింది. దిగక్కర్లేదు, బుడాపెస్ట్ దాకా వెళ్లమన్నాను. ఆ ముఖం ఇప్పుడు గుర్తు రావడం లేదు, గొంతు మాత్రం ఉంది. మా స్నేహం గట్టిపడింది ఆ ప్లాట్‌ఫారం మీదే.

రెండు రోజుల ప్రయాణం అనుకున్నాం. హోర్తోబాజ్ మైదానం దాటి తిస్సా ఒడ్డుకు, అక్కణ్ణుంచి గట్టు పట్టుకుని ఎగువకు, తొకాయ్ ద్రాక్షకొండల దాకా. నూటయాభై కిలోమీటర్లకు పైమాటే. రెండు నెలల స్టైపెండు కూడబెట్టి సెకండ్ హ్యాండు గ్రావెల్ బైకు కొన్నాను. వంపు హ్యాండిలు, నలభై మిల్లీమీటర్ల టైర్లు, ముందు స్పీడు చూపించే చిన్న తెర. మా ఊళ్లో గ్రావెల్ రోడ్డంటే తారుకి నోచుకోని రోడ్డు. దాని మీద తొక్కడానికే ప్రత్యేకంగా బండి ఉంటుందని నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది.

హోర్తోబాజ్ అంటే చెట్టు నీడలేని చదును. వాళ్లు పుస్తా అంటారు. మన భాషలో చెప్పాలంటే చౌడు నేల. ఆ వేసవి కరువుకి నెర్రెలు విచ్చి, ఉప్పు తెల్లగా పేరుకుంది. దూరంగా ఏతాలు నిలబడి ఉన్నాయి. పైకి లేచిన పొడుగాటి కర్ర, వేలాడే బొక్కెన, అచ్చం మన ఏతమే. పశువులకు నీళ్లు తోడడానికట. గాలి తిరిగినప్పుడల్లా మాచిపత్రి వాసన. వినాయక చవితి వెళ్లి రెండు వారాలే అయింది, నేను పూజ చేసుకోలేదు. ఆ వాసనకి ఒక్కసారి సైకిలు ఆపాను.

అక్కడే, తొమ్మిది కమానుల రాతివంతెన దాటాక అనుకుంటాను, ఒక పాత పశువుల కొట్టం కనిపించింది. మిత్రుడు వేగం తగ్గించి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. 1950లో పడమటి సరిహద్దు ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలను రాత్రికి రాత్రి లేపి ఈ మైదానానికి తెచ్చారని, పొలాల్లో వెట్టి చేయించారని, వాళ్లలో తన అమ్మమ్మ కూడా ఉందని. అప్పటికి ఆమెకి ఎన్నేళ్లో చెప్పాడు, ఆరో ఎనిమిదో. నేను “అయ్యో” అని, తెర మీద సగటు వేగం పడిపోతోందని పెడలు మీద బలం వేశాను. కొంతసేపటికి వెనక్కి చూస్తే అతను చాలా దూరంలో ఉన్నాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఆ ఒక్క “అయ్యో”కి ఇవాళ్టికీ సిగ్గుపడతాను.

రాత్రికి తిస్సాచెగె చేరాం. అక్కడ నది దాటించడానికి పంటు ఉంది. కోటిపల్లి రేవులో మన పంటు ఎక్కినవాళ్లకి కొత్తేమీ కాదు. నది బాగా తీసిపోయి ఉంది. ఆ జులైలోనే మా గోదావరి మాత్రం భద్రాచలం దగ్గర డెబ్బయ్యొక్క అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. అమ్మ ఫోన్లో “గట్టు మీదున్నాం నాన్నా, భయం లేదు” అంటుంటే వెనక ట్రాక్టర్ల చప్పుడు. ఎనభై రెండేళ్ల తాతయ్య కుర్చీ వేయించుకుని గట్టు మీదే కూర్చున్నాడట, ఇంటికి రమ్మంటే రాడట.

తాతయ్య ఏటిగట్టు లష్కరు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: నీటిపారుదల శాఖలో అన్నిటికన్నా కింది మెట్టు ఉద్యోగం. తనకప్పగించిన గట్టు మీద రోజూ తిరగాలి. ఎలుక కలుగులు, ఎండ్రకాయ బొరియలు వెతికి పూడ్చాలి. వరదొస్తే రాత్రంతా లాంతరు పట్టుకుని కాపలా. 1986 ఆగస్టు వరదకి నాలుగు రాత్రులు ఇంటి ముఖం చూడలేదట. మా వైపు గట్టు నిలిచింది. 1998లో రిటైరైనా గట్టు మానలేదు. సైకిలు బారు మీద నన్ను కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. తడిసిన గోనెసంచీ, కిరసనాయిలు, చుట్ట కలిసిన వాసన తాతయ్యది. రాళ్లకి సైకిలు ఎగిరినప్పుడల్లా బారు తొడలకి గుచ్చుకునేది. అంతా బాగానే ఉండేది. విజయవాడ హాస్టల్లో ఇంటర్ చదివేటప్పుడు పక్క మంచం వాడు “మీ తాత ఏం చేసేవారు?” అని అడిగే దాకా. “ఇరిగేషన్‌లో” అన్నాను. అంతే చెప్పాను. వాడు ఇంజనీరు అనుకున్నాడు, అనుకోనిచ్చాను. ఆ తర్వాత ఎవరడిగినా అదే జవాబు.

రెండో రోజు పంచరు పడింది గట్టు కాపలావాడి ఇంటి దగ్గర. తిస్సా గట్టు పొడవునా అక్కడక్కడా అలాంటి ఇళ్లుంటాయి. అందులో ఉండేవాణ్ణి గాతోర్ అంటారు. అరవై దాటిన మనిషి, బూట్లకి కోసిన గడ్డి అంటుకుని ఉంది. మమ్మల్ని చూసి మాట్లాడకుండా లోపలికెళ్లి బకెట్టు నిండా నీళ్లు తెచ్చాడు. ట్యూబు ముంచితే బుడగలు. మా ఊరి సైకిలు షాపులో కూర్చున్నట్టే అనిపించింది. కుక్క కూడా ఉంది, దాని రంగు ఎంత ఆలోచించినా తట్టడం లేదు.

ప్యాచీ ఆరేలోపు ఆయన తన పని చెప్పాడు, మిత్రుడు ఇంగ్లీషులో నాకు చెప్పాడు. గడ్డి కోయాలి. నక్కలు, నీటి ఎలుకలు తవ్విన బొరియలు చూడాలి. నీటిమట్టం రాయాలి. వరదప్పుడు గట్టుకి అవతల పొలంలో నీళ్లు ఇసుకతో కలిసి బుగ్గలా పైకి పొంగుతాయి. దాన్ని మూయకూడదు, చుట్టూ ఇసుక బస్తాలతో బావిలా కట్టి నీళ్లు ఎత్తు పెరగనివ్వాలి. మూస్తే ఇంకోచోట పొడుచుకొస్తుంది. ఈ మాట నాకు తెలుసు. మా అరుగు మీద తాతయ్య చేతులు తిప్పుతూ పదిసార్లు చెప్పిన మాట. ఈయనా అలాగే చేతులు తిప్పాడు.

“మీ దేశంలో నదులున్నాయా?” అని అడిగించాడు. “ఉన్నాయి, చాలా పెద్దవి” అన్నాను.

ఇంకొక్క వాక్యం చెప్పాలి. నోటిదాకా వచ్చింది. మిత్రుడి ముందు నేను యూనివర్సిటీ పరిశోధకుణ్ణి. అతని నాన్న డాక్టరు. చక్రం బిగించాను, థాంక్స్ చెప్పాను, బయల్దేరాం.

పైన తిస్సాదోబ్ దగ్గర ఒక గుట్ట ఉంది. నదికి గట్లు కట్టే పనికి హంగరీ సంస్కర్త సేచెన్యి ఇస్త్వాన్ తొలి పలుగు వేసిన చోటు, 1846 ఆగస్టులో. వంకర టింకరగా పారే నదిని వందకు పైగా చోట్ల కోసి తిన్నగా చేశారు. మట్టంతా మోసింది కుబికోష్‌లు, ఒంటిచక్రం బండ్లతో ఊరూరా తిరిగే మట్టిపనివాళ్లు. ఆ మరుసటి ఏడే ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట పని మొదలైంది. అక్కడ తట్టలు మోసిన మనవాళ్ల పేర్లూ ఎక్కడా లేవు. ఇదంతా తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ రోజు గుట్ట ఎక్కకుండానే వచ్చేశాం, నేనే వద్దన్నాను.

తొకాయ్‌లో బొద్రోగ్ వచ్చి తిస్సాలో కలుస్తుంది. ఆ రెండు నదుల పొగమంచు వల్లే శరదృతువులో ద్రాక్షకి ఒక బూజు పట్టి, పండు తీగ మీదే ముడుచుకుని, తీపి చిక్కబడుతుంది. ఆ పండుతో చేసే ఆసు వైను వాళ్లకి పేరు తెచ్చింది. మేం వెళ్లేసరికి ఇంకా మామూలు పండే కోస్తున్నారు. కొండవాలున సన్నటి పసుపు మట్టి, టైర్లు పిండిలో దిగినట్టు దిగాయి. చివరికి దిగి తోసుకుంటూ వెళ్లాం. కోతకొచ్చిన ఒకావిడ మాట్లాడకుండా ఒక గుత్తి చేతిలో పెట్టింది. వెనక్కి తిరిగితే మేం దాటొచ్చిన మైదానమంతా కనిపించింది, గట్టు సన్నటి గీతలాగా.

అక్కణ్ణుంచే ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. అమ్మ తాతయ్యని లేపింది. గట్టు ఫోటోలు చూపించాను.

“ఏరా అబ్బాయ్, కలుగులేవన్నా కనపడ్డాయా?”

“చూడలేదు తాతయ్యా.”

“వాళ్లకీ లష్కర్లుంటారా?”

ఉంటారని, ఒకాయన బకెట్టు నీళ్లిచ్చాడని చెప్పాను.

“నా సంగతి చెప్పావా?”

“చెప్పాను” అన్నాను.

“ఏవన్నాడు?”

“మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడు.”

తాతయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత “మంచోడు” అన్నాడు.

తాతయ్య మరుసటి ఏడు డిసెంబరులో పోయాడు. పన్నెండో రోజుకి అందుకున్నాను. పరామర్శకు వచ్చినవాళ్లలో ముగ్గురు నలుగురు నాతో అన్నారు, హంగరీ లష్కరు మీ తాతయ్యని అడిగాడట కదా అని. రామాలయం అరుగు మీద ఎన్నిసార్లు చెప్పుకున్నాడో. ఔనన్నాను. అప్పుడూ ఔననే అన్నాను.

హంగరీ వదిలి వచ్చేసే ముందు, 2024 వసంతంలో, ఒక్కణ్ణే మళ్లీ ఆ గట్టెక్కాను. ఈసారి నదిలో నీళ్లున్నాయి. ఇంటికి తాళం వేసి ఉంది. గంటకు పైగా మెట్ల మీద కూర్చున్నాను. కుక్క లేదు. నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, నాకొచ్చిన హంగేరియన్‌లో రాశాను: నా తాతయ్య కూడా గాతోర్, గోదావరి అనే నది మీద. ఆ రోజు చెప్పలేదు. మీరిచ్చిన నీళ్లకు కృతజ్ఞతలు. మడిచి తపాలా పెట్టెలో వేశాను. కింద తాతయ్య పేరూ, ‘ఏటిగట్టు లష్కరు’ అనీ తెలుగులో రాశాను.