పిట్టకు ముఖం చాటేసిన కుక్క

మా తాతగారికి అక్షరం ముక్క రాదు. అయినా చదువు చెప్పే పద్ధతి మాకంటే ఆయనకే బాగా తెలుసునని ఈమధ్యనే గ్రహించాము.

మన కామాఠీలంటే గమేలా, తాపీ, ఇళ్ళు కట్టే పనే అనుకుంటారు. పాలమూరు నుండి వచ్చి కామాఠీపురా చాలులో కాపురముండిన మా తాతగారు మాత్రం 1947కు ముందు ఒక దొరగారి జాగిలాలను సాకేవారు. అవి పాయింటర్ జాతివి. చలికాలంలో పూనా దిక్కు జొన్నచేలకు, పూరేడు పిట్టల వేటకు, వాటిని తీసుకుపోయేవారట.

ఈ కుక్క పిట్టను పట్టదు. వాసన తగలగానే ముక్కు అటు చాచి, ఒక కాలెత్తి, తోక బిగించి రాయిలా నిలుస్తుంది. వేటగాడు వచ్చేదాకా కదలకూడదు. "దుంకేముందు ఏ కుక్కయినా జరంతసేపు ఆగుతది బిడ్డా! ఆ జరంతసేపును సాగదీసుడే మన పని" అనేవారు తాతగారు.

మొదట అన్నం గిన్నె ముందు 'ఆగు' అనే మాట నేర్పాలి. తరువాత 20 మూరల తాడు కట్టి, గాలికి ఎదురుగా చేనులో అటూ ఇటూ నడిపించాలి. గడ్డిలో బుట్ట కింద పిట్టను దాచాలి. కుక్క నిలవగానే వీపు మెల్లగా నిమరాలి. తుపాకి చప్పుడు తొలుత దూరంగా, అదీ అది అన్నం తినేటప్పుడే వినిపించాలి. అన్నిటికీ మించిన నియమం ఒకటి: పిట్ట దగ్గర కుక్కను కొట్టరాదు.

1990లో, మాకు పదేళ్ళప్పుడు, మోతీ అనే వీధికుక్క పిల్లను చేరదీశాము. పొరుగువారి పావురాన్ని అడిగి తెచ్చి, మేడమీద గంప కింద పెట్టి, తాతగారు చెప్పినట్లే నేర్పాము. పది రోజులకు మోతీ నిలిచింది! పదకొండోనాడు ఆగలేక గంప తన్నేసింది. పావురం ఎగిరిపోయింది. పొరుగువారి తిట్లకు జంకి, గొడుగు కర్రతో నాలుగు వేశాము.

మర్నాడు గంప దగ్గరకు రాగానే మోతీ ముఖం తిప్పుకొని, వాసనే తగలనట్లు పిట్టగోడ వెంట పోయింది. తాతగారు చూసి, "తప్పు చేసినందుకు కొట్టినవని నువ్వనుకున్నవు. పిట్ట దగ్గరికి పోతే దెబ్బలు పడతయని అది నేర్చుకున్నది" అన్నారు. మోతీ మళ్ళీ ఎన్నడూ నిలవలేదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. మంచిదే. తాతగారూ పోయారు. ఆయన విద్యతో ఇక మాకేమి పని అనుకున్నాము.

మా అబ్బాయి తొమ్మిదో తరగతి. లెక్కలు తప్పినప్పుడల్లా పుస్తకం ముందే కూర్చోబెట్టి వాణ్ణి కొట్టేవాళ్ళం. మెట్రిక్కుతో ఆగి గుమాస్తాగా మిగిలినవాళ్ళం. వాడైనా పైకి రావాలని ఆత్రం. మొన్నొక సాయంత్రం మెట్లమీద మా చెప్పుల చప్పుడు వినగానే వాడు లెక్కల పుస్తకం మూసి, ముఖం తిప్పుకొని, వరండాలోకి పోయాడు. ఆ పోకడ మేమెరిగినదే. గుండె ఝల్లుమన్నది.

ఆనాటి నుండి చెయ్యెత్తలేదు. రాత్రి భోజనాలయ్యాక వాడి పక్కన ఊరకే కూర్చుంటున్నాము, ఏమీ అడగము. నిన్న వాడు పుస్తకం తెరిచాడు. ఒక లెక్క తప్పు చేశాడు. మేము చూశాము, వాడూ మావైపు చూశాడు. మెల్లగా వీపు నిమిరాము.